చేతిఫోనుల ‘ఆవరణ వ్యవస్థ’లు: ఒక విమర్శ

ఉపాధ్యాయుల విశ్రాంతి గదిలోను, విద్యార్థుల వసతిగృహములోను ఈ దినములలో తరచుగా వినబడు ప్రశ్న యొకటి కలదు: ‘ఆండ్రాయిడ్ ఫోను కొనవలెనా, ఐఫోను కొనవలెనా?’ టాబ్లెట్టు విషయములోను ఇదే ప్రశ్న. దీనికి లభించు సమాధానములు సాధారణముగా రెండు విధములు. మొదటిది, కెమేరాకు ఎన్ని మెగాపిక్సెళ్లు, జ్ఞాపకశక్తి ఎన్ని గిగాబైట్లు అని చూపు పట్టిక. రెండవది, ‘నేను వాడుచున్నది ఇదే, దీనిని మించినది లేదు’ అను అభిమానము. పట్టికలో అసత్యము లేకపోవచ్చును. అభిమానములో అనుభవము ఉండవచ్చును. అయినను కొనువానికి నిజముగా ఉపకరించు విషయము ఈ రెంటిలోను లోపించుచున్నది. ఏలయన, మనము కొనునది ఒక పరికరమును మాత్రమే కాదు. ఆ పరికరము వెనుకనున్న ఒక ఏర్పాటులో సభ్యత్వమును కూడ కొనుచున్నాము.

ఈ ఏర్పాటును వ్యాపారులు ‘ఎకోసిస్టమ్’ అనుచున్నారు. జీవశాస్త్ర పాఠములలో మనము ‘ఆవరణ వ్యవస్థ’ అని బోధించునది ఈ మాటనే. ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్‌స్లీ 1935లో ప్రకటించిన వ్యాసముతో ఇది శాస్త్ర పరిభాషలో చేరినది. చెరువులో నాచు, చేప, కొంగ, బురదలోని సూక్ష్మజీవులు ఒకదానిపై నొకటి ఆధారపడి జీవించును. అట్లే ఫోను, దానిని నడుపు నిర్వహణ వ్యవస్థ, యాప్‌ల దుకాణము, మన చిత్రములను దాచు నిల్వ, చేతిగడియారము, ఛార్జరు ఒకదానిపై నొకటి ఆధారపడి పనిచేయును. ఇంతవరకు పోలిక సరియే. కాని చెరువులో ఏ చేప బ్రతుకవలెనో నిర్ణయించు యజమాని లేడు. ఇచ్చట కలడు. యాప్‌ల దుకాణములో ఏది చేరవలెను, అమ్మకములో ఎంత భాగము తనకు రావలెను అనునది అతడే నిర్ణయించును. ఈ భాగము చాలకాలము నూటికి 30 వంతులుగా నుండెను. 2021 నుండి చిన్న రచయితలకు 15 వంతులకు తగ్గినది. కావున ఈ ఏర్పాటును చెరువుతో కంటె చెరువు తూముతో పోల్చుట యుక్తము. నీరు మంచిదేనా అని మాత్రమే గాక, తూము తలుపు ఎవరి చేతిలో నున్నది అనికూడ రైతు విచారించును. మనమును అట్లే విచారింపవలెను.

రెండే మిగులుటకు కారణము

యాపిల్ సంస్థ ఐఫోనును 2007 జనవరి 9న ప్రకటించెను. దాని యాప్‌ల దుకాణము 2008 జులైలో తెరువబడినది. గూగుల్ నాయకత్వమున ఆండ్రాయిడ్ 2007 నవంబరులో ప్రకటింపబడి, 2008 అక్టోబరులో మొదటి ఫోనుగా అంగడికి వచ్చినది. 2010లో ఐప్యాడ్ వెలువడినది. పోటీదారులు లేకపోలేదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2010లో విండోస్ ఫోనును తెచ్చెను. చివరకు 2020 జనవరిలో ఆ వంశమునకు మద్దతు విరమించెను. బ్లాక్‌బెర్రీ పాత వ్యవస్థ సేవలు 2022 జనవరి 4న నిలిచిపోయెను. విండోస్ ఫోను తెర అందమైనదని వాడినవారు ఒప్పుకొందురు. కాని వాడుకరులు తక్కువైనచోట యాప్‌లు వ్రాయువారు రారు. యాప్‌లు లేనిచోట వాడుకరులు రారు. సంతకు జనము, జనమునకు సంత ఒకదానికొకటి కారణమగుటవంటిదే ఇది. గుణము ఒక్కటే ఈ పోటీని నిర్ణయింపలేదని దీనివలన తెలియుచున్నది. చైనాలో వేరొక వ్యవస్థ పెరుగుచున్నను, మన దేశములో సామాన్యునకు మిగిలినవి ఈ రెండే. వీనిలోను పదింట తొమ్మిదికి పైగా ఫోనులు ఆండ్రాయిడ్‌వే.

రెండు వ్యాధులు, రెండు చికిత్సలు

ఒక వ్యవస్థ గుణము అది ఆరోగ్యముగా నున్నప్పటికంటె వ్యాధిగ్రస్తమైనప్పుడు బాగుగా తెలియును. రెండు ఉదాహరణములు చూతము.

మొదటిది తెలుగువారికి మరువరానిది. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులను ఒక తెలుగు అక్షరము కూల్చివేయుచున్నదను వార్త లోకమంతట వ్యాపించినది. ఆ అక్షరము ‘జ్ఞా’. కంప్యూటరులో తెలుగు అక్షరములు ముద్దగా నిలువ చేయబడవు. ముక్కలుగా నిలువ చేయబడును. జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అను నాలుగు సంకేతములను వరుసగా పేర్చిన, తెరపై వానిని కలిపి ఒక రూపముగా గీయుట నిర్వహణ వ్యవస్థ పని. ఈ వరుసలో దీర్ఘమునకు ముందు, కంటికి కనబడని ‘కలుపవద్దు’ అను సంకేతము చేరినపుడు, ఐఓఎస్ 11లోని గీత యంత్రాంగము తికమకపడెను. ఆ అక్షరముగల సందేశము వచ్చిన, దానిని చూపు యాప్ మూసికొనిపోయెను. తెరమీద ప్రకటనగా వచ్చినచో ఫోను ముఖపుటయే కుప్పకూలెను. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని సంయుక్తాక్షరములతోను ఇట్లే జరిగినది. కోట్లమంది వ్రాయు లిపిని ఆ సంస్థ తగినంతగా పరీక్షింపలేదని చెప్పక తప్పదు. ‘విజ్ఞానము’ అను మాటలోని అక్షరమే దానికి కొరుకుడు పడకపోవుట మనకు కొంత నవ్వును, కొంత నొప్పిని కలిగించినది. కాని రెండవ ముఖమును కూడ చూడవలెను. ఫిబ్రవరి 19న సవరణ వెలువడినది. ఐఓఎస్ 11 నడుపు ప్రతి ఫోనునకు, ప్రతి ఐప్యాడ్‌నకు అది అదే దినమున అందుబాటులోనికి వచ్చినది. తూము తలుపు ఒక్క చేతిలో నుండుట వలన కలిగిన లాభ మిది.

రెండవ ఉదాహరణము 2015 జులైలో బయటపడిన ‘స్టేజ్‌ఫ్రైట్’ అను ఆండ్రాయిడ్ లోపము. దృశ్యశబ్ద ఫైళ్లను చదువు భాగములో నున్న ఈ లోపము వలన, కుట్రతో తయారైన ఒక సందేశము వచ్చినంతనే, యజమాని దానిని తెరువకున్నను, ఫోను పరుల వశమగుటకు అవకాశముండెను. 95 కోట్ల పరికరములకు ప్రమాదమున్నదని దానిని కనుగొనిన సంస్థ అంచనా వేసినది. గూగుల్ సవరణను వ్రాసెను. కాని ఆ సవరణ చిప్పుల తయారీదారు, ఫోను తయారీదారు, కొన్ని దేశములలో టెలిఫోను కంపెనీ చేతులు మారిన పిదపగాని వాడుకరికి చేరదు. చాల ఫోనులకు ఎన్నటికిని చేరలేదు. చివరి మడికి నీరు అందని కాలువవలె నైనది. ఈ పాఠము వ్యర్థము కాలేదు. ఆ ఏడు ఆగస్టు నుండి గూగుల్ నెలనెల భద్రతా సవరణలను మొదలు పెట్టెను. 2017లో ఆండ్రాయిడ్ 8తో, తయారీదారు వ్రాసిన భాగమును మూల వ్యవస్థ నుండి విడదీసి, సవరణలు సులభముగా చేరునట్లు నిర్మాణమునే మార్చెను.

ఆయుర్దాయపు లెక్క

కొన్ని సంవత్సరముల క్రిందట నేను తక్కువ ధరలో ఒక ఫోను కొంటిని. మూడవ యేట దానికి భద్రతా సవరణలు ఆగిపోయెను. తెర పగులలేదు, గొంతు మారలేదు. అయినను ఐదవ యేట నా బ్యాంకు యాప్ ఆ పాత వ్యవస్థపై నడువజాలనని తెలిపెను. వస్తువు బ్రతికియుండగానే దాని ఆయువు తీరినది. కొనునాడు ‘ఎన్నేండ్లు సవరణలు ఇత్తురు?’ అని నేను అడుగలేదు, అంగడివాడు చెప్పలేదు.

ఈ ప్రశ్నకు ఇప్పుడు వ్రాతపూర్వకమైన సమాధానములు లభించుచున్నవి. గూగుల్ 2023లో పిక్సెల్ 8నకును, శామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్ 24నకును 7 సంవత్సరముల సవరణలను వాగ్దానము చేసినవి. తక్కువ ధర ఫోనులలో ఈ వాగ్దానము ఇంకను చిన్నది. యాపిల్ విషయములో, 2013లో వచ్చిన ఐఫోను 5ఎస్ 2023 జనవరిలో సైతము ఒక భద్రతా సవరణను పొందినది. కావున ధరను సవరణలు లభించు సంవత్సరములతో భాగింపవలెను. 12,000 రూపాయల ఫోను 3 ఏండ్లు, 28,000 రూపాయల ఫోను 7 ఏండ్లు సవరణలు పొందునని అనుకొందము. రెంటికిని ఏడాదికి 4,000 రూపాయలే. 70,000 రూపాయల ఫోను 7 ఏండ్లకు ఏడాదికి 10,000 అగును. చవక యనుకొన్నది చవక కాకపోవచ్చును. ఖరీదైనది ఏడాది లెక్కలోను ఖరీదైనదే కావచ్చును. ఈ లెక్కకు ఏడవ తరగతి గణితము చాలును.

అయితే సవరణ వచ్చినంత మాత్రమున ఫోను కొత్తది కాదు. పాత బ్యాటరీలు గల ఐఫోనుల వేగమును సవరణల ద్వారా తగ్గించితిమని యాపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకొనెను. దీని వెనుక భౌతికశాస్త్రము కలదు. వాడిన కొలది లిథియం అయాన్ ఘటము అంతర్నిరోధము పెరుగును. ఎక్కువ విద్యుత్ప్రవాహమును లాగినపుడు, ఆ నిరోధములోనే కొంత పొటెన్షియలు నష్టమై, ఫోను హఠాత్తుగా ఆరిపోవును. వేగము తగ్గించిన ప్రవాహము తగ్గి, ఈ ఆపద తప్పును. చికిత్సలో దోషము లేదు. రోగికి చెప్పకుండ చేయుటలో దోషమున్నది. కొత్త బ్యాటరీతో పోవు దానికి జనులు కొత్త ఫోనులు కొనిరి. అమెరికాలో ఈ వ్యాజ్యము 2020లో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించు ఒప్పందముతో ముగిసినది.

మన భాష, మన చేతులు

తొలినాటి ఆండ్రాయిడ్ ఫోనులలో తెలుగు గళ్లుగళ్లుగా కనబడినది జ్ఞాపకమున్నవారు నేటికిని కలరు. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5తో తెలుగు వ్యవస్థ భాషయైనది. అనగా ఫోనులోని సూచనలన్నియు తెలుగులో చదువుకొనవచ్చును. ఐఫోనులో ఈ సౌకర్యము 2025లో ఐఓఎస్ 18.4తో వచ్చినది. పదేండ్లకు పైబడిన ఆలస్యము స్వల్పము కాదు. ఇంటిలో ఇంగ్లీషు రాని తల్లికో, తాతకో ఫోను ఇచ్చువారు ఈ చరిత్రను లెక్కింపవలెను.

ఇచ్చట మరియొక తేడా కలదు. ఆండ్రాయిడ్‌లో దుకాణమునకు వెలుపలి నుండియు యాప్‌లను ఎక్కించుకొనవచ్చును. ఇది స్వాతంత్ర్యమే. కాని పెండ్లి పత్రిక యనియు, ప్రభుత్వ పథకమనియు వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లను పంపి బ్యాంకు ఖాతాలను ఊడ్చు దొంగలు ఈ తలుపునే వాడుచున్నారు. మన దేశపు ఐఫోనులో సామాన్య వాడుకరికి ఈ తలుపు లేదు; అందుచేత ఈ దొంగయు లేడు, ఆ స్వాతంత్ర్యమును లేదు. ఏది మేలు అనునది వాడు చేతులపై ఆధారపడును.

టాబ్లెట్టు విషయము

టాబ్లెట్టులలో తీర్పు కొంత భిన్నము. పెద్ద తెరకు తగినట్లు వ్రాసిన యాప్‌లు ఐప్యాడ్‌లో మొదటినుండి ఎక్కువ. ఆండ్రాయిడ్‌లో చాలకాలము ఫోను యాప్‌లే సాగదీసినట్లు కనబడెను. 2022లో వచ్చిన 12ఎల్ తరువాతగాని పెద్ద తెరపై శ్రద్ధ హెచ్చలేదు. చిత్రలేఖనము, చేతివ్రాతతో పాఠములు తయారు చేయుట ముఖ్యమైనవారికి ఐప్యాడ్ తగినది. చదువుటకు, పాఠముల వీడియోలు చూచుటకు మధ్యరకము ఆండ్రాయిడ్ టాబ్లెట్టు చాలును.

అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా టాబ్లెట్టుల పంపిణీని మొదలు పెట్టినది. వానిలో నింపిన పాఠములు బైజూస్ అను ప్రైవేటు సంస్థవి. 2024 జులైలో ఆ సంస్థపై దివాలా విచారణ ప్రారంభమైనది. పంపిణీని మెచ్చుటయో, తప్పుపట్టుటయో ఇచ్చట నా పని కాదు. నేర్వవలసిన దేమనగా, పరికరము ఒకరిది, నిర్వహణ వ్యవస్థ మరియొకరిది, పాఠము ఇంకొకరిది అయినపుడు, ముగ్గురిలో ఎవరు తప్పుకొన్నను నష్టపడునది విద్యార్థి. అచ్చు పుస్తకమునకు ఈ భయము లేదు. కావున పాఠము ఏ పరికరములోనైనను తెరచుకొను సామాన్య రూపములో ఉన్నదా అని ఉపాధ్యాయుడు మొదట అడుగవలెను.

బయటికి దారి

చివరి పరీక్ష ఇది: లోనికి వచ్చుట సులభమే, వెలుపలికి పోగలమా? వాట్సాప్ సంభాషణలను ఐఫోను నుండి ఆండ్రాయిడ్‌కు మార్చు సాధనము 2021లోను, ఎదురు దిశలో 2022లోను వచ్చినవి. ఐఫోను 15తో 2023లో ఛార్జరు కూడ సామాన్యమైనది. ఐరోపా సమాఖ్య చట్టము దీనికి కారణము. మన దేశములో పోటీ కమిషను 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ విషయమున గూగుల్‌నకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను; తన యాప్‌ల మూటనంతను ఫోను తయారీదారులపై రుద్దుట అందులోని ఆరోపణములలో నొకటి. అపీలు ట్రిబ్యునలు 2023 మార్చిలో కొన్ని ఆదేశములను కొట్టివేసి, జరిమానాను నిలిపెను. తూము తలుపులు వానియంతట అవి తెరచుకొనవని, తెరపించువారు కావలెనని ఈ చరిత్ర చెప్పుచున్నది. నేటికిని ఒక దుకాణములో వెలపెట్టి కొన్న యాప్ రెండవదానిలో చెల్లదు. చేతిగడియారము వంటి ఉపకరణములు కొన్న కొలది గోడ ఎత్తు పెరుగును.

కాబట్టి నా తీర్పు ఇది. సాధారణ తెలుగు గృహమునకు, సవరణల గడువును వ్రాతపూర్వకముగా చెప్పిన తయారీదారు మధ్యరకము ఆండ్రాయిడ్ ఫోను తగినది. వెలుపలి ఫైళ్లను ఎక్కించు అనుమతిని మాత్రము మూసియుంచవలెను. ధర భరింపగలిగి, తెలిసీ తెలియక నొక్కు చేతులకు రక్షణ ముఖ్యమనుకొనువారు ఐఫోను కొనుటలో దోషము లేదు. ఏది కొన్నను మన చిత్రములకు, వ్రాతలకు ఒక ప్రతిని ఆ సంస్థ నిల్వకు వెలుపల ఉంచుకొనవలెను.

ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో ఒక చిన్న పరిశీలన చేయింపవచ్చును. ప్రతి విద్యార్థియు తన యింటి ఫోనులోని సెట్టింగులలో చివరి భద్రతా సవరణ తేదీని చూచి వ్రాసికొని రావలెను. ఆ తేదీలను నల్లబల్లపై వరుసగా వ్రాసిన, ఏ మెగాపిక్సెళ్ల పట్టికయు చెప్పని సత్యము కొంత బయటపడును. ఏడాదికి పైబడిన తేదీ గల ఫోనుతో ఎవరింట డబ్బు చెల్లింపులు జరుగుచున్నవో ఆ విద్యార్థి ఇంటికి పోయి చెప్పవలెను.