ప్లస్-ఎక్స్ వెళ్లిపోయాక

కొడాక్ కంపెనీ 2011లో ప్లస్-ఎక్స్ ఫిలిం తయారీ ఆపేసింది. 1938 నుంచీ ఉన్న ఫిలిం అది. అప్పటికే మన ఊళ్లలో పెళ్లి ఫోటోగ్రాఫర్లంతా డిజిటల్‌కి మారిపోయారు. కలర్ ల్యాబుల బోర్డులు ఒక్కొక్కటే దిగిపోతున్నాయి. నలుపు తెలుపు రోల్ కావాలని అడిగితే దుకాణంలో కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. అలాంటి రోజుల్లో ఒక పాత ఫిలిం ఆగిపోయిందన్న కబురు పట్టించుకున్నవాళ్లు తక్కువే. ఏళ్ల తరబడి ఆ ఒక్క ఫిలిం మీదే చెయ్యి తిరిగిన మాలాంటివాళ్లకి మాత్రం గుండెల్లో రాయి పడింది.

ఇది కాకపోతే ఇంకోటి, ఫిలిం అంటే ఫిలిమేగా అని చాలామంది ఓదార్చారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాట నిజం కాదు. ప్లస్-ఎక్స్ వేగం, అంటే వెలుతురుకి స్పందించే గుణం, 125. కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టి తియ్యడానికి చాలు, ఆరుబయట ఎండకీ తట్టుకుంటుంది. గ్రెయిన్ సన్నం. అయితే దాని అసలు గొప్పదనం తెలిసేది మనిషి మొహం మీదే. మన ఛామనఛాయ మొహాల్లో నలుపుకీ తెలుపుకీ మధ్య బోలెడన్ని ఛాయలుంటాయి. చెంప ఎముక మీది జిడ్డు మెరుపు, కంటి కింది గుంట, మీసం కింది నీడ, మెడ దగ్గర ఇంకాస్త ముదిరిన రంగు. కొన్ని ఫిలింలు వీటన్నిటినీ కలిపేసి మొహాన్ని ఒకే ముద్ద చేస్తాయి. ప్లస్-ఎక్స్ దేన్నీ కలిపేసేది కాదు, దేనికది విడదీసి చూపించేది.

మంగళగిరిలో తీసిన ప్రింటు ఒకటి నా దగ్గరుంది. గుంట మగ్గం ముందు కూర్చున్న ముసలి నేతగాడు. ఒంటి మీద తెల్ల పంచె తప్ప ఏమీ లేదు. పక్క గోడకున్న చిన్న కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు వెలుతురు సూటిగా ఆయన ఒళ్లోకి పడుతోంది. అంత వెలుతురులోనూ పంచె ముడతల్లో నేత గీతలు చెదరలేదు. గుంటలో, చీకట్లో, ఆయన పాదాలూ, ఆ పాదాలు తొక్కుతున్న కర్రలూ కనిపిస్తూనే ఉన్నాయి. ఎన్‌లార్జర్ కింద చేతులు అడ్డం పెట్టి ఒకచోట వెలుతురు తగ్గించడం, ఇంకోచోట పెంచడం లాంటివేవీ చెయ్యలేదు. నెగటివ్‌లో ఉన్నది ఉన్నట్టే కాగితం మీదకి దిగింది. అది నా ప్రతిభ అని ఎప్పుడూ అనుకోలేదు. ఏ నీడలో ఎంత దొరుకుతుందో, ఏ తెలుపు ఎక్కడ నిలబడుతుందో ఆ ఫిలింతో ఎన్నో రోల్స్ తీసి తెలుసుకున్నాను. లైట్ మీటరు చూడకముందే కళ్లు లెక్క కట్టేసేవి. ఫిలిం పోతే ఆ లెక్క కూడా పోతుంది. బాధంతా అక్కడే.

కంపెనీ వాళ్లు ఏడాదికి కాసిని రోల్స్ అయినా మనకోసం చెయ్యొచ్చు కదా అని అడుగుతుంటారు. కుదరదు. ఫిలిం తయారీ అంటే కటిక చీకట్లో నడిచే పెద్ద ఫ్యాక్టరీ పని. వెండి లవణాలు కలిపిన జిలటిన్‌ని, మీటరుకు పైగా వెడల్పున్న ప్లాస్టిక్ చుట్ట మీద, వెంట్రుక మందంలో కొద్ది వంతు పొరగా, ఎక్కడా తేడా రాకుండా పరుస్తూ పోతారు. యంత్రం ఒకసారి తిరగడం మొదలుపెడితే చుట్టలు చుట్టలుగా సరుకు వస్తుంది. అదంతా గడువు తేదీ దాటకముందే అమ్ముడుపోవాలి. పోకపోతే ఎంత మంచి ఫిలిం అయినా నష్టమే. ప్లస్-ఎక్స్ ఆగిన కొద్ది నెలలకే, 2012 జనవరిలో, కొడాక్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది.

మన దేశానికీ సొంత ఫిలిం ఫ్యాక్టరీ ఉండేదని ఈ తరానికి తెలియకపోవచ్చు. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్. 1960లో పెట్టారు, 1967లో ఉత్పత్తి మొదలైంది. ఇందు అన్న పేరుతో నలుపు తెలుపు రోల్స్, ప్రింటింగ్ కాగితం, ఆసుపత్రులకి ఎక్స్‌రే ఫిలిం అక్కణ్ణుంచి వచ్చేవి. మన స్టూడియోల్లో పాస్‌పోర్టు ఫోటోలు, గ్రూప్ ఫోటోలు ఎన్నో ఆ కాగితం మీదే పడ్డాయి. 1996 నాటికే దాన్ని ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. తర్వాత మూతపడింది. దాని గురించి ఇప్పుడెవరూ మాట్లాడరు, అది నాకు చాలా కష్టంగా ఉంటుంది.

అయినా నలుపు తెలుపు వాళ్లం ఒక రకంగా అదృష్టవంతులం. కొడాక్రోమ్ సంగతి చూడండి. 1935లో వచ్చిన ఆ కలర్ ఫిలిం తయారీ 2009లో ఆగింది. ఆ ఫిలింలో రంగులు ముందే ఉండవు, కడిగేటప్పుడే చేర్చాలి. అందుకు ప్రత్యేకమైన రసాయనాలు, యంత్రాలు కావాలి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే చిన్న ఊళ్లో ఒకే ఒక్క ల్యాబు మిగిలింది. 2010 డిసెంబరు 30 తర్వాత అదీ రోల్స్ తీసుకోవడం మానేసింది. అంతే, ఇళ్లల్లో మిగిలిన కొడాక్రోమ్‌లో ఇక రంగు లేదు. అఫ్ఘాన్ అమ్మాయి ఫోటో తీసిన స్టీవ్ మెకర్రీకి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆఖరి రోల్ ఇచ్చారు. ముప్పై ఆరు ఫ్రేములు. వాటిలో కొన్నిటిని ఆయన మన దేశానికి తెచ్చి, ముంబైలో సినిమా నటుల మీద, రాజస్థాన్‌లో రబారీ సంచార జాతుల మీద ఖర్చుపెట్టారు. ఉన్న కాస్త ఫిలింనీ దాచుకోకుండా మనుషుల మొహాల కోసం వాడారు. అది సరైన పనే అని నా నమ్మకం.

నలుపు తెలుపుకి ఆ ఇబ్బంది లేదు. ఫిలిం కడగడానికి డీ-76 అనే డెవలపర్ 1920ల నుంచీ ఉంది. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బొరాక్స్ 2. చిన్న త్రాసు, కాస్త ఓపిక ఉంటే ఇంట్లోనే కలుపుకోవచ్చు. ప్లస్-ఎక్స్ తయారీ ఆగినా, ఉన్న రోల్స్ కడుక్కోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అందుకే చాలామంది ఆఖరి రోల్స్ వెతికి వెతికి కొని ఫ్రిజ్‌లో దాచారు. నేనూ కొన్నాను. డీప్ ఫ్రీజర్‌లో పెడితే ఇలాంటి మధ్య రకం వేగమున్న ఫిలిం ఏళ్ల తరబడి బాగుంటుంది. మన కోస్తా ఉక్కకి ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. బయటికి తీసిన రోల్ డబ్బా మూత వెంటనే తియ్యకూడదు. చల్లటి ఫిలిం మీద తేమ పడితే మరకలొస్తాయి. బయటి వేడికి వచ్చేదాకా గంటల తరబడి అలాగే ఉంచాలి.

కానీ దాచుకోవడంలో ఒక ప్రమాదముంది. దాచిన రోల్‌ని కెమెరాలో ఎక్కించాలంటే చెయ్యి రాదు. దీనికి తగిన మొహం ఇంకా దొరకలేదనిపిస్తుంది. అలా ఏళ్లు గడిచిపోతాయి. ఇంతలో కరెంటు పోతుంది, ఫ్రిజ్ మారుతుంది, రోల్ మీద తేదీ దాటిపోతుంది. తియ్యని ఫిలిం ఎవరికీ ఏమీ ఇవ్వదు. నా దగ్గరున్నవాటిని మామూలు పనికే, రోజువారీ మనుషుల మీదే వాడేశాను. ఇంకో ఫిలిం నేర్చుకోవాలని అప్పుడే తేల్చుకున్నాను.

ప్లస్-ఎక్స్ బదులు టీ-మ్యాక్స్ 100 వాడుకోమని కంపెనీ సలహా. గొప్ప ఫిలిమే, గ్రెయిన్ ఇంకా సన్నం. కానీ డెవలపర్ వేడిలో, సమయంలో చిన్న తేడా వచ్చినా అది ఊరుకోదు. బెజవాడ లాంటి ఊళ్లో, మేలో, మేడ మీది ట్యాంకు నీళ్లతో పనిచేసేవాడికి అది నిత్యం తలనొప్పే. ఇల్ఫర్డ్ వాళ్ల ఎఫ్‌పీ-4 ప్లస్ అలా కాదు. పాత పద్ధతి గ్రెయిన్, వేగం అదే 125, చిన్న చిన్న తేడాల్ని సహిస్తుంది. దాన్ని ఎంచుకున్నాను.

నేర్చుకోవడం ఎలాగంటే, ఒకే మనిషిని, ఒకే చోట, ఒకే వేళ కూర్చోబెట్టి మీటరుని 50 మీద, 64 మీద, 80 మీద, 100 మీద, 125 మీద పెట్టి తియ్యాలి. రోల్ కడిగాక ప్రింటులో జుట్టు నీడ ఏ ఫ్రేములో తెరుచుకుందో చూడాలి. మన ఎండకి నాకు 80 దగ్గర కుదిరింది. కడిగేటప్పుడు సమయం తగ్గిస్తే పంచె తెలుపు నిలబడుతుంది. సమానంగా నీళ్లు కలిపిన డీ-76లో, 20 డిగ్రీల దగ్గర, ఈ ఫిలింకి 11 నిమిషాలని కంపెనీ చెబుతుంది. మన దగ్గర 20 డిగ్రీలు కలలో మాట. నేను 24 దగ్గర పనిచేస్తాను, సుమారు 8 నిమిషాలు. ఎండలో తీసిన రోల్ అయితే ఇంకో నిమిషం తగ్గిస్తాను.

ఆ 24 తెచ్చుకోవడమే సగం పని. స్టీలు బేసిన్‌లో నీళ్లు పోసి, డెవలపర్, బొమ్మని నిలిపే హైపో, కడిగే నీళ్ల సీసాలన్నీ అందులో నిలబెడతాను. ఐసు ముక్కలు పాలిథిన్ కవర్‌లో వేసి గట్టిగా మూతి కట్టి బేసిన్‌లో ముంచుతాను. విడిగా వేస్తే కావలసినప్పుడు తీసెయ్యడం కుదరదు. థర్మామీటరు దిగుతూ 25కి చేరగానే కవర్ తీసెయ్యాలి, మిగతా డిగ్రీ దానంతటదే దిగుతుంది. ఒక్క డెవలపర్ చల్లబరిస్తే చాలదు. హైపో, నీళ్లు కూడా అదే వేడిలో ఉండాలి. లేకపోతే మెత్తబడిన జిలటిన్ ఒక్కసారిగా ముడుచుకుని నెగటివ్ మీద సన్నటి బీటలు వారతాయి. ట్యాంకు మూత బిగించి, తలకిందులు చేసి, అడుగున అరచేత్తో ఒక్క దెబ్బ కొడితే గాలి బుడగలు వదులుతాయి. ఇదంతా ప్లస్-ఎక్స్ నేర్పిందే. ఫిలిం పోయింది గానీ ఈ చేతిపని ఎక్కడికీ పోలేదు.

అయినా మంగళగిరి నేతగాడి మొహం ఎఫ్‌పీ-4లో నాకు అచ్చంగా దొరకలేదు. దగ్గరికొస్తుంది, చాలా దగ్గరికొస్తుంది. చెంప మీది ఆ వెలుగు మాత్రం కాస్త గట్టిబడుతుంది. దాన్ని ఒప్పుకున్నాక మనసు తేలికైంది. పాత ఫిలింని కొత్త ఫిలింలో వెతకడం మానేస్తే, కొత్తది తనకున్నవి చూపించడం మొదలుపెడుతుంది. ఎఫ్‌పీ-4లో తడిసిన రేవు మెట్లు, పడవ తాళ్లు ఎంత నిక్కచ్చిగా వస్తాయో ప్లస్-ఎక్స్‌లో నేనెప్పుడూ చూడలేదు.

ఇల్ఫర్డ్ కూడా 2004లో మునిగిపోయే పరిస్థితికి వచ్చింది. అక్కడ పనిచేసే మేనేజర్లే కొనుక్కుని నిలబెట్టారు. కొడాక్ ఆపేసిన ఎక్టాక్రోమ్ అనే కలర్ ఫిలిం, అడిగేవాళ్లు పెరగడంతో, 2018లో తిరిగొచ్చింది. కాబట్టి ఇప్పుడు దొరుకుతున్న ఫిలింలలో మీకు నచ్చినదాన్ని కొని వాడండి. ఖరీదెక్కువని నాకూ తెలుసు. నెలకో రోల్ అయినా ఫరవాలేదు. తీసే చేతులుంటేనే ఆ యంత్రాలు తిరుగుతాయి.

ఇంకో మాట. మీ ఇంట్లో బీరువాలోనో, పాత కెమెరా సంచిలోనో కడగని నలుపు తెలుపు రోల్ ఉండొచ్చు. నాన్నగారిదో, తాతగారిదో. తేదీ దాటిందని పారెయ్యకండి. వేడికి లోపలి బొమ్మ ఏటేటా మసకబారుతుంది గానీ, చాలా ఏళ్ల తర్వాత కూడా మొహాలు గుర్తుపట్టేలా వచ్చిన రోల్స్ నేను కడిగాను. ఫిలిం కడగడం తెలిసినవాళ్లు పెద్ద ఊళ్లలో ఇంకా ఒకరిద్దరు దొరుకుతారు. వచ్చే ఎండాకాలం రాకముందే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.