నాలుగు వందల గింజల లెక్క

గచ్చిబౌలి వైపు తిరిగే హైదరాబాదీలకు ప్రొఫెసర్ సి.ఆర్.రావు రోడ్డు తెలుసు. ఆయన ఏం చేశారని అడిగితే మాత్రం పద్మవిభూషణ్, అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ అంటూ బిరుదులే వినిపిస్తాయి. 2023 ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసినప్పుడు నా కంటబడిన వార్తల్లోనూ ఎక్కువగా అవే. అసలు పని తెలియాలంటే వడ్ల గింజల దగ్గర మొదలుపెట్టడం నయం.

ఒక విత్తనాల లాటు వచ్చింది. నూటికి ఎన్ని మొలుస్తాయో తేలాలి. అన్నిటినీ మొలకెత్తించి చూస్తే నారు పోయడానికి గింజ మిగలదు. అందుకని పది గింజలు తడిగుడ్డలో కట్టాం, ఏడు మొలిచాయి అనుకుందాం. ఒక బద్ధకస్తుడు మొదటి గింజ ఒక్కటే చూశాడు. అది మొలిచింది కాబట్టి మొలక నూటికి నూరు అన్నాడు, మొలవకపోతే సున్నా అనేవాడు. పిచ్చి అంచనాయే గానీ ఒక వైపుకు మొగ్గేది కాదు. వేరువేరు గింజలతో మళ్లీ మళ్లీ చేస్తూ పోతే సగటున సరైన చోటికే వస్తుంది.

ఇప్పుడు రావు గారి ఉపాయం. మొత్తం మీద ఏడు మొలిచాయన్న సంగతి ఒక్కటీ గట్టిగా పట్టుకోండి. ఆ పది గింజలను ఎన్ని వరసల్లో పేర్చవచ్చో అన్ని వరసల్లోనూ బద్ధకస్తుడు ఏమనేవాడో చూసి సగటు కట్టండి. పదింట ఏడు వరసల్లో ముందుండేది మొలిచిన గింజే, కాబట్టి జవాబు 70 శాతం. ఇదే రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం. గింజల విషయంలో ఈ జవాబు మనకు ముందే తెలుసు కనుక తమాషాగా తోస్తుంది. చిక్కు లెక్కల్లో మాత్రం ఎవరికీ తట్టని మంచి అంచనాలను ఈ దారే చూపిస్తుంది.

ఇలా మెరుగు పెట్టుకుంటూ ఎంతవరకు పోగలం? దానికీ ఒక హద్దుందని రావు నిరూపించారు. నిజంగా 80 శాతం మొలిచే లాటులోంచి 100 గింజలు తీసి చూస్తే అంచనా మామూలుగా ఓ 4 శాతం అటూ ఇటూ ఊగుతుంది. 400 తీస్తే 2 శాతం. ఏ వైపుకూ మొగ్గని పద్ధతి ఏదైనా సరే, ఎంత తెలివైనవాడు కనిపెట్టినా, అవే 400 గింజలతో ఆ ఊపును ఇంకా తగ్గించలేదు. వరి విత్తనానికి కనీస మొలక 80 శాతం ఉండాలని మన ప్రమాణం, విత్తన పరీక్ష కేంద్రాల్లో మామూలుగా పరీక్షించేది 400 గింజలు.

హడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదువుకున్న కుర్రాడు ఇక్కడికెలా వచ్చాడు? 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. పూర్తయింది. సైన్యంలో లెక్కల ఉద్యోగం కోసం కలకత్తా వెళితే వయసు చాలదన్నారు. ఆ ఊళ్లోనే సంఖ్యాశాస్త్రజ్ఞుడు మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి, 1941లో అక్కడ చేరాడు. బెంగాల్ జనపనార విస్తీర్ణాన్ని నమూనాలతో అంచనా కట్టిన సంస్థ అది. అక్కడ ఒకే ప్రాంతాన్ని రెండు బృందాలతో విడివిడిగా కొలిపించేవారు. రెండు లెక్కల తేడాను దాచకుండా, పొరపాటు ఎంతో దానితోనే తేల్చేవారు. ఆ సంప్రదాయంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

రావు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, ఆ హద్దు గురించి సంఖ్యాశాస్త్రజ్ఞుడు ఫిషర్ ఇచ్చిన, నమూనా చాలా పెద్దదైతేనే వర్తించే ఫలితాన్ని వివరించారు. చిన్న నమూనాకు ఎందుకు వర్తించదని ఒక విద్యార్థి అడిగాడు. తర్వాత ఆర్థికవేత్తగా పేరు తెచ్చుకున్న వి.ఎం.దండేకర్ ఆయన. రాత్రంతా కూర్చుని తెల్లారేసరికి రావు నిరూపణ తెచ్చారు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన ఒకే పత్రంలో పైన చెప్పిన రెండు ఫలితాలూ ఉన్నాయి. హద్దును స్వీడన్‌లో క్రామెర్ కూడా విడిగా కనుక్కున్నారు గనుక దానికి ఇద్దరి పేర్లూ నిలిచాయి.

మరో రెండేళ్లకు, ప్రయోగాలను ఏరుకోవడానికి పనికొచ్చే ఆర్థోగొనల్ అరేలు అనే పట్టికల మీద రావు పని వచ్చింది. ఏడు అంశాలు, ఒక్కోటి రెండు రకాలుగా మార్చగలిగితే అన్ని కలయికలూ చూడటానికి 128 ప్రయోగాలు కావాలి. ఇలాంటి పట్టిక ప్రకారం 8 ఏరుకుంటే ఒక్కో అంశం బలమెంతో తెలిసిపోతుంది, ఆ అంశాలు ఒకదానిలో ఒకటి పెద్దగా జోక్యం చేసుకోకపోతే. 1954-55లో కలకత్తా సంస్థకు అతిథి ఆచార్యుడిగా వచ్చిన జెనిచి టగుచి ఇలాంటి పట్టికలనే జపాన్ కర్మాగారాల్లో బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఆ జోక్యాల షరతును తేలిగ్గా తీసుకున్నాడని ఆయన మీద సంఖ్యాశాస్త్రజ్ఞుల విమర్శ మాత్రం ఇంకా అలాగే ఉంది.