చుక్కలు లెక్కపెట్టే విద్య: సూరత్ రూపాయి నుంచి విక్టోరియా బిళ్ల దాకా

ఈస్టిండియా కంపెనీ వేయించిన సూరత్ రూపాయి మీద కంపెనీ పేరు ఎక్కడా ఉండదు. ఉన్నదంతా పారసీ లిపి: మొగలు చక్రవర్తి షా ఆలం పేరు, ఆయన పాలనలో 46వ ఏడు, సూరత్ టంకశాల పేరు. షా ఆలం 1806లో చనిపోయాడు. ఆ 46 మాత్రం చావలేదు. బొంబాయిలో ఆవిరి యంత్రాలతో కొత్త టంకశాల వచ్చాక కూడా సూరత్ పేరుతోనే, అదే ఏటితోనే రూపాయిలు పడుతూ వచ్చాయి.

ఇదేదో పొరపాటున జరిగింది కాదు, కంపెనీ కావాలని చేసిన పని. దాని వెనక నాణేలు మార్చే షరాబులతో రెండు వందల ఏళ్ల పేచీ ఉంది.

ఇంగ్లీషువాళ్లు మన మచిలీపట్నంలో 1611లో దిగారు. సూరత్‌లో వర్తకం చేసుకోమని జహంగీర్ ఫర్మానా 1613లో దొరికింది. రెండు రేవుల్లోనూ వాళ్లకు కావలసింది బట్టలే. కొనడానికి తెచ్చింది వెండి, అందులోనూ ఎక్కువగా స్పెయిన్ రియాళ్లు. సూరత్ బజారులో రియాలు చెల్లదు. టంకశాలకు పట్టుకెళ్లి రూపాయిలుగా మార్పించుకోవాలి, లేదా షరాబుకు తగ్గించి అమ్ముకోవాలి. టంకశాలలో వంతు వచ్చేసరికి రోజులు గడిచిపోతాయి, రేవులో ఓడ ఆగదు. చివరికి షరాబు చెప్పిందే రేటు. విర్జీ వోరా లాంటి సూరత్ షావుకార్లకు కంపెనీ అప్పుపడిందంటే ఆశ్చర్యం లేదు.

అంతటితో అయిపోలేదు. కొత్తగా ముద్ర పడ్డ సిక్కా రూపాయికి నిండు విలువ. ఏడు మారితే అది చలానీ, దాని మీద వట్టం కట్. వెండి తగ్గకపోయినా, తూకం తగ్గకపోయినా, ఏడు పాతదైతే చాలు కోత పడుతుంది. పైగా 18వ శతాబ్దం చివరికి సూరత్ నవాబు రూపాయిలో కల్తీ పెరిగింది. మంచి వెండి ఉన్న బొంబాయి రూపాయిలను కరిగించి నవాబు రూపాయిలుగా వేయించుకోవడం లాభసాటి బేరమైపోయింది. 1800లో సూరత్ పాలన కంపెనీ చేతికి వచ్చింది. సూరత్ రూపాయిని 179 గ్రెయిన్ల తూకంతో స్థిరపరిచి బొంబాయిలోనూ ముద్రించారు. ఏడు మారకపోతే వట్టం ఎక్కడినుంచి వస్తుంది? అందుకే ఆ 46.

ఈ కిటుకు తర్వాత కూడా పోలేదు. దేశమంతటికీ ఒకే రూపాయి 1835లో వచ్చింది. నాలుగో విలియం బొమ్మ, 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. మన బంగారం కొట్ల పాత తులం ఇదే. ఆ రూపాయి మీద 1840 దాకా 1835 అనే ఉంటుంది. విక్టోరియా తొలి రూపాయి మీద 1861 దాకా 1840 అనే ఉంటుంది. 1862లో వచ్చినదాని మీద 1874 వరకు ఏడు మారలేదు. అయితే ఏ ఏటి సరుకో టంకశాలకు తెలియాలి కదా. బొంబాయివాళ్లు వెనకవైపు అచ్చులో ఏడాది అంకె కిందా, పై పువ్వు దగ్గరా సన్నని చుక్కలు పెట్టారు. షరాబు కంటికి ఆనకుండా తమ గుర్తుకోసం వేసుకున్న చుక్కలవి.

ఇవాళ నాణేల సేకర్తలు ఆ చుక్కల్నే లెక్కపెడుతున్నారు. చుక్కలు లేనిది ఒక ధర, కింద నాలుగున్నది ఒక ధర, కింద కొన్ని, పైన ఒకటి ఉన్నది ఇంకో ధర. ఏటిని బట్టి విలువ కట్టకుండా ఆపడానికి ప్రభుత్వం పడ్డ పాట్లన్నీ చివరికి చుక్కను బట్టి విలువ కట్టేవాళ్ల పాలయ్యాయి. షరాబు పోయాడు, షరాబు చూపు పోలేదు.

ఆ చూపు నేర్చుకోవాలంటే సూరత్‌ను మించిన ఊరు లేదనిపిస్తుంది. మహీధర్‌పురా, వరాఛా వజ్రాల బజార్లలో పది రెట్లు పెద్దదిగా చూపించే లూప్, మిల్లీగ్రాములు తూచే కాటా వీధి సరుకు. నాణేలవాడికీ ఇవే పనిముట్లు. 1862 రూపాయిని లూప్ కింద పెట్టి ఏడాది అంకె కిందికి రండి. టంకశాల వేసిన చుక్క గుండ్రంగా, నాణెం నేల (బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ జాగా) మీదినుంచి లేచి ఉంటుంది, అంచు నున్నగా నేలలో కలుస్తుంది. తర్వాత ఎవరో పెట్టిన చుక్క చుట్టూ గీతలుంటాయి, లేకపోతే అతుకు కనిపిస్తుంది. ఉన్న చుక్కను చెక్కేసి ఉంటే అక్కడ నేల కాస్త గుంటపడి, మెరుపు తేడాగా ఉంటుంది. నాణేన్ని దీపం కింద నెమ్మదిగా తిప్పితే ఆ తేడా తెలిసిపోతుంది. నిటారుగా పట్టుకుని చూస్తే తెలియదు.

తూకం మొదటి పరీక్ష. అరిగిన రూపాయి 11.66 కన్నా కొంచెం తక్కువ తూగడం సహజం. కొత్తదానిలా మెరుస్తూ 11.2 తూగితే అనుమానించాలి, 12 తూగినా అనుమానించాలి. పోతపోసిన నకిలీలో అక్షరాల అంచులు మొద్దుబారి సబ్బు మీద చెక్కినట్టుంటాయి, నేల మీద సూదిపోట్ల లాంటి గుంటలుంటాయి. అంచు గీతలు ఒకచోట తెగి ఉంటే రెండు ముక్కలు కలిపారన్నమాట. మోగించి చూడటం మన పెద్దల పద్ధతి. అది పనికొస్తుంది కానీ ఖరీదైన నాణెం మీద ఆ ప్రయోగం చేయకపోవడమే మంచిది.

టంకశాలలే చేసిన చిక్కు ఒకటుంది. బొంబాయి, కలకత్తా టంకశాలలు సేకర్తలకోసం పాత అచ్చులతో నాణేలను మళ్లీ వేసి అమ్మేవి. అచ్చు అసలుదే, ముద్రా సర్కారుదే, ఏడే అబద్ధం. వీటికీ గిరాకీ ఉంది కానీ తొలి ముద్రకున్న ధర రాదు. తేడా తెలియాలంటే నాణేల పరిశోధకుడు ఫ్రెడ్ ప్రిడ్‌మోర్ 1975లో, 1980లో తెచ్చిన రెండు సంపుటాలు తిరగేయాల్సిందే. వేలంపాటల జాబితాల్లో ఇప్పటికీ ఆయన పెట్టిన నంబర్లే నడుస్తున్నాయి.

ఇక బజారు సంగతి. 1835 నుంచి 1939 దాకా వెండి రూపాయిలో వెయ్యికి 917 పాళ్లు వెండి, బరువు లెక్కన 10.69 గ్రాములు. కిలో లక్ష అనుకుంటే 1,069 రూపాయలు. 2025లో కిలో వెండి లక్ష దాటి ఇంకా పైకి పోయింది. అంటే మామూలు జార్జ్ రూపాయికి సేకర్త ఇచ్చే ధరనూ కొలిమి ఇచ్చే ధరనూ వేరుచేసే గీత చెరిగిపోతోంది. సూరత్‌లో కొలిమికి కొదవ లేదు. మన పెళ్లిపట్టుచీరల అంచుల్లోకి వెళ్లే జరీకి పేరుపడ్డ ఊరిది, అసలు జరీకి వెండి కావాలి. వెనకటి తరం ఆడవాళ్ల మెడలో రూపాయిల దండ మన పల్లెల్లో ఎక్కడైనా ఉండేదే. కొక్కెం అతికించిన ఆ రూపాయికి సేకర్త మొహం తిప్పుకుంటాడు, కంసాలి మాత్రం తూకమేసి తీసుకుంటాడు.

కరిగించడం కొత్త కాదు. రెండో ప్రపంచయుద్ధంలో వెండికి కరువొచ్చి 1940లో రూపాయిలో వెండిని సగానికి దించారు. విక్టోరియా రూపాయి మొదలుకుని పాతవాటిని ఒక్కొక్కటిగా చలామణీ నుంచి తప్పించి కొలిమిలో వేశారు. అందుకే టంకశాల లెక్కల్లో కోట్లున్నా మిగిలినవి ఎన్నో ఆ లెక్క చెప్పదు. 1939 రూపాయి ముద్రపడింది కానీ దాదాపు బయటికి రాకుండానే కరిగిపోయింది. మిగిలిన కొద్దింటికీ లక్షల్లో ధర. దాంతో 1938లోని 8ని 9గా చెక్కినవి పుట్టుకొచ్చాయి.

అరుదు అనుకున్నది రాత్రికి రాత్రి అగ్గువ అయిపోవడమూ ఉంది. మద్రాసు రాజధానికోసం ఇంగ్లండులోని సోహో టంకశాలలో 1808లో రాగి కాసులు వేశారు. 10 కాసులు, 20 కాసుల బిళ్లలు. వాటిని మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే మునిగిపోయింది. 1980ల్లో ఆ ఓడనుంచి లక్షల బిళ్లలు బయటికి తీశారు. అప్పటిదాకా మంచి స్థితిలో ఆ బిళ్ల ఉన్నవాడి గర్వం ఏమైందో ఊహించుకోవచ్చు.

కథ ధరను పెంచుతుంది కూడా. 1911 జార్జ్ రూపాయిలో రాజు అంగీ మీది ఏనుగుకు తొండం పొట్టిగా వచ్చి పందిలా కనిపించిందని గొడవయింది. దాన్ని ఆపి, 1912లో ఏనుగును సరిచేశారు. ‘పంది రూపాయి’ అనగానే అమ్మేవాడి గొంతు మారుతుంది. నిజానికి ఆ కథకున్నంత అరుదుదనం ఆ నాణేనికి లేదు. నన్నడిగితే ఆ డబ్బు 1918 సవరన్ మీద పెట్టడం మేలు. యుద్ధకాలంలో లండన్ రాయల్ మింట్ బొంబాయిలో శాఖ తెరిచి ఆ ఒక్క ఏడే బంగారు సవరన్లు వేసింది. సెయింట్ జార్జ్ గుర్రం కింద, ఏడాదికి పైన, చిన్న ‘ఐ’ అక్షరం ఉంటుంది. అచ్చమైన బ్రిటిష్ నాణెం, పుట్టింది మన దేశంలో. బంగారం ధర దానికి ఎలాగూ అడుగున ఉంటుంది.

ఇక రాముడి బొమ్మతో, ‘1818 ఈస్టిండియా కంపెనీ’ అన్న అక్షరాలతో తిరిగే అణా బిళ్లలు. కంపెనీ అలాంటి నాణెం ఒక్కటీ వేయలేదు. బియ్యాన్ని లాగుతుందంటూ మన రెండు రాష్ట్రాల్లోనూ ‘రైస్ పుల్లింగ్’ ముఠాలు చూపించేవి ఇలాంటి బిళ్లలే. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడి కమీషన్లు గుంజేవాళ్లున్నారని రిజర్వు బ్యాంకు కూడా 2021 ఆగస్టులో హెచ్చరించింది. ముందు డబ్బు కట్టమన్నవాడు కొనేవాడు కాడు.

ఇంట్లో ఉన్న బిళ్లను చింతపండుతోనో విబూదితోనో తోమకండి. నల్లబారిన వన్నెకే సేకర్త డబ్బిస్తాడు, తోమిన మెరుపుకు సగం కోస్తాడు. పొలంలో దొరికితే దాచకండి. పది రూపాయలకు మించిన నిధి ఏదైనా కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది. విదేశాల్లో ఉన్న పిల్లలకు నాయనమ్మ రూపాయిలు పంపాలనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. నూరేళ్లు నిండిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, సర్కారు అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. 1918 నాటిది 2018లోనే ఆ గీత దాటేసింది. సూట్‌కేసు సర్దేముందు బిళ్ల మీద ఏడు చదవండి.