పెరిగిందా, పెంచారా? – ఒక రాజీనామా లేఖ విమర్శ

విద్యార్థులారా! కథనూ కవితనూ ఎలా విమర్శించాలో గత పాఠాల్లో తెలుసుకొన్నారు. వ్యవహార రచనను కూడా అంతే శ్రద్ధతో చదవాలని చెప్పడం ఈ పాఠం ఉద్దేశం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు రాసిన రాజీనామా లేఖను ఇందుకు తీసుకొందాం. మూలం ఇంగ్లీషులో ఉంది. ఇక్కడ దాని భావాన్ని మాత్రమే చెబుతున్నాను.

1. నేపథ్యం

2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, ఛైర్మన్ కుటుంబ సభ్యులు నడుపుతున్న మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. వాటాదారులను ముందుగా అడగలేదు. వాళ్లు ఊరుకోలేదు. న్యూయార్కు మార్కెట్‌లో సత్యం ధర ఒక్కరోజులోనే సగానికి పైగా పడిపోయింది. గంటల్లోనే ఆ నిర్ణయం రద్దయింది. తర్వాత నలుగురు డైరెక్టర్లు తప్పుకొన్నారు. మూడు వారాలకు ఈ లేఖ వచ్చింది. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలు అని లేఖే ఒప్పుకొంటుంది. అంటే వాటాదారుల ఆగ్రహమే ఈ లేఖను రాయించిందన్నమాట.

2. లెక్కలు

విచారం ప్రకటించిన వెంటనే లేఖ అంకెల్లోకి వెళుతుంది. 2008 సెప్టెంబరు 30 నాటి పట్టీలో లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు. రాని వడ్డీ 376 కోట్లు. చూపని అప్పు 1,230 కోట్లు. ఎక్కువ చేసి చూపిన బాకీలు 490 కోట్లు. మొత్తం 7,136 కోట్ల రూపాయలు. ఇంత స్పష్టంగా చెప్పడం లేఖలోని బలం. దానిని మనం కాదనకూడదు.

అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. పటమటలో చిన్న కిరాణా కొట్టు నడిపేవారైనా రాత్రి గల్లాపెట్టెలోని డబ్బును చిట్టాతో సరిచూసుకొన్నాకే తలుపు వేస్తారు. వేల కోట్ల బ్యాంకు నిల్వను సరిచూడవలసిన వారు ఏం చేశారు? దీనికి లేఖలో జవాబు దొరకదు.

3. క్రియలు

ఇప్పుడు వాక్యాలను చూడండి. అసలు లాభానికీ పుస్తకాల్లోని లాభానికీ మధ్య మొదట కొద్దిపాటి తేడా ఉందనీ, అది ఏళ్ల తరబడి పెరుగుతూ పోయిందనీ లేఖ చెబుతుంది. ఇక్కడ కర్త మనిషి కాదు, 'తేడా'. తెలుగులో 'పెరుగు', 'పెంచు' అనే రెండు క్రియలున్నాయి. గడ్డి పెరుగుతుంది, పైరును రైతు పెంచుతాడు. ఖాతాలో అంకె తనంతట తాను పెరగదు. ఎవరో కూర్చుని రాయాలి. నేరం ఒప్పుకొంటున్న లేఖలో కీలకమైన వాక్యానికి చేసినవారు లేకపోవడం గమనించదగినది.

పులి స్వారీ ఉపమానం కూడా ఇలాంటిదే. పులి మీద కూర్చున్నవాడు దానికి ఆహారం కాకుండా దిగడమెలాగో తెలియలేదన్నది దాని సారం. ఇందులో మన జాలి స్వారీ చేసేవాడి మీదికి పోతుంది. పులిని పెంచినదెవరన్న ప్రశ్న మరుగున పడుతుంది. ఆ రోజు పులి నోట పడినది వాటాదారులు. సుమారు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40 రూపాయలకు చేరింది.

4. నాయకత్వ మార్పు

తప్పుకొంటున్న వ్యక్తి తన తర్వాత తాత్కాలికంగా ఎవరు నడపాలో, ఎవరెవరు సహాయపడాలో కూడా ఈ లేఖలోనే సూచించారు. పదవి వదిలినా ఆ కంఠస్వరం వదలలేదు. కేంద్ర ప్రభుత్వం మాత్రం పాత బోర్డును పక్కనపెట్టి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్‌లను, తర్వాత మరో ముగ్గురిని నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున బిడ్ వేసి సంస్థను దక్కించుకొంది.

బోర్డు సభ్యులెవరికీ ఏమీ తెలియదని లేఖ చెప్పింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతోపాటు, మేనేజింగ్ డైరెక్టరుగా ఉన్న ఆయన సోదరుడు సహా మరో తొమ్మిది మందిని దోషులుగా తేల్చింది. అప్పీలుపై శిక్ష అమలు నిలిచింది.

5. సారాంశం

లేఖ చివర క్షమాపణ ఉంది. నష్టాన్ని ఎలా పూడ్చాలన్నది లేదు. అమెరికాలో వాటాదారులు కలిసి దావా వేసి 2011లో 12.5 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పందం సాధించారు. మన వాటాదారులకు అప్పుడు అలాంటి దారి లేదు. 2013 కంపెనీల చట్టంలోని 245వ సెక్షన్ ఆ దారిని చూపింది. క్షమాపణకూ బాధ్యతకూ ఉన్న దూరం ఇదే. ఆ దూరాన్ని కొలవడమే విమర్శకుల పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'తేడా పెరిగింది' అనే వాక్యాన్ని 'పెంచు' క్రియతో తిరగరాయండి. అర్థంలో వచ్చిన మార్పును వివరించండి.
2. మీకు అందిన ఏదైనా సంస్థ ప్రకటనలో చేసినవారు కనబడని వాక్యాలను గుర్తించండి.