చదువుకో... చదివిపెట్టు...

తెలుగులో ‘చదువు’ అన్న ఒక్క మాటకి రెండు పనులు అప్పజెప్పి మనం పిల్లల్ని చిక్కుల్లో పెట్టేశాం. పరీక్ష కోసం చేసేదీ చదువే, సరదాకి చేసేదీ చదువే. ఏడేళ్ల కుర్రాడు మంచం మీద బోర్లా పడుకుని కథల పుస్తకం తిరగేస్తుంటే, “ఆ చదివేదేదో క్లాసు పుస్తకం చదవకూడదుట్రా?” అంటాం. వాడు క్లాసు పుస్తకం పట్టుకున్నాడనుకోండి, “మావాడు చదువుకుంటున్నాడు” అని వచ్చినవాళ్లకి చెప్పి మురిసిపోతాం. చదువుకుంటే లాభం, ఊరికే చదివితే కాలక్షేపం అని మన లెక్క.

అయితే మన భాషలోనే మూడో మాట ఒకటుంది: చదివిపెట్టడం. వండిపెట్టడం లాంటిదే ఇదీను. ఒకళ్లు చేస్తే ఇంకొకళ్లు కడుపు నింపుకోవడం. పిల్లలకి పుస్తకం మీద ప్రేమ పుట్టేది ఈ మూడో పని వల్లనేనని నా వాదన. సాక్ష్యానికి పాత ‘చందమామ’ని పిలుస్తాను.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసు నుంచి ‘చందమామ’ మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాని రాతకోతలు చూసినవారు కొడవటిగంటి కుటుంబరావుగారు. ‘చదువు’ అని ఏకంగా నవలే రాసిన మనిషి, పిల్లల పత్రికలో మాత్రం ఎవర్నీ ‘చదువుకో’ అనలేదు. కథ చెప్పి ఊరుకున్నారు!

ఆ కథల్ని ఇప్పుడు పైకి చదివి చూడండి. నాలుక ఎక్కడా తట్టుకోదు. పొట్టి వాక్యాలు. సమాసాలు బహు తక్కువ. ఫలానా జిల్లా యాస అని చెప్పలేని తెలుగు. మొదటి రెండు ముక్కల్లో మనుషులెవరో తెలిసిపోతుంది, మూడో ముక్కలో చిక్కు వచ్చి పడుతుంది. పిల్లకి నాలుగు ముద్దలు పెట్టేలోగా కథ అయిపోతుంది. చదివే పెద్దవాళ్ల కళ్లు అక్షరాల మీద ఉంటే, ఒళ్లో ఉన్న పిల్ల కళ్లు చిత్రాగారి బొమ్మ మీదో, శంకర్‌గారి బొమ్మ మీదో ఉంటాయి. ఒకే పేజీ ఇద్దరికీ సరిపోతుంది.

అన్నిటికన్నా గడుసైనది బేతాళ కథ. పాతికకి అటూ ఇటూగా ఉన్న పాత కథలు అయిపోయాక, అదే చట్రంలో కొత్త కథలు పోసి ఏళ్ల తరబడి నడిపారు. అందులో అసలు రుచి కథలో లేదు, బేతాళుడి ప్రశ్నలో ఉంది. అక్కడ చదివేవాళ్లు ఆగాల్సిందే. విక్రమార్కుడికన్నా ముందు తాతయ్య ఓ జవాబు చెప్తాడు, బామ్మ కాదంటుంది, పిల్లలు మూడోది చెప్తారు. నలుగురూ కలిసి తగువులాడుకోవడానికి పత్రికవారే చోటు వదిలిపెట్టారన్నమాట!

లోపాలు లేవా అంటే, లేకేం. ఎంతసేపూ రాజులు, జమీందార్లు, అర్ధరాజ్యమూ దాంతోపాటు రాకుమార్తె. ఓ పాత కథ చదివిపెడుతుంటే మా మనవరాలు, “ఆ అమ్మాయిని అడిగారా, తాతయ్యా?” అంది. లేదన్నాను. “అయితే బాలేదు” అని తేల్చేసింది. ఎనిమిదేళ్ల విమర్శకురాలు! కథలో లోపం ఉంటే పుస్తకం దాచేయనక్కర్లేదు. పక్కన మనిషంటూ ఉంటే ఆ లోపమే మాటలకి దారి తీస్తుంది.

ఇక ఈనాటి బాలసాహిత్యం సంగతి. నున్నని కాయితం, కళ్లు చెదిరే రంగులు. తీరా చూస్తే కథ అడుగున గీత గీసి ‘నీతి’ అని ఓ ముక్క. లడ్డూ తినిపించి వెంటనే ఆముదం పట్టించడమంటే ఇదే. అవి చదివిపెట్టబోతే రెండో పేజీకి నాకు ఆవులింత వస్తుంది. నాకు ఆవులింత వచ్చిందని పిల్లకి తెలియడానికి ఎంతసేపు? కనక నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే: పెద్దవాళ్లకి విసుగు పుట్టించే పుస్తకం పిల్లలకీ మంచిది కాదు. ముళ్లపూడివారి ‘బుడుగు’ని ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి. నాన్న ఒకచోట నవ్వుతాడు, పిల్ల ఇంకోచోట నవ్వుతుంది. నాన్న ఎందుకు నవ్వాడో తెలుసుకోవాలని పిల్లకి పట్టుదల పుడుతుంది. ఆ పట్టుదల ఏ నీతివాక్యం పుట్టిస్తుంది?

ఇదంతా సరదా కబురు కాదు. ఇవాళ మన ఇళ్లల్లో తెలుగు గడగడా మాట్లాడే పిల్లలున్నారు. అక్షరాలు చూపిస్తే బిక్కమొహం వేస్తారు. వాళ్లకి తెలుగు చెవి ఉంది, కన్ను లేదు. చెవి నుంచి కంటికి వంతెన వెయ్యగలిగింది పైకి చదివే మనిషొక్కడే. ‘చందమామ’ ఇప్పుడు రావడం లేదు. పాత సంచికలు అటక మీదో, గ్రంథాలయంలోనో, కంప్యూటరులోనో దొరుకుతాయి. పుస్తకం దొరక్కపోవడం కాదు మన కష్టం, పావుగంట దొరక్కపోవడం.

ఆ పావుగంట రాత్రి అన్నాలయ్యాక దొరకబుచ్చుకోండి. సెల్‌ఫోను అవతల గదిలో పెట్టి, మీకు ఇష్టమైన కథే తీయండి. రాక్షసుడు తలుపు బద్దలుకొట్టేచోట ఆపేసి, “నాకు నిద్రొస్తోంది” అని పుస్తకం మంచం మీదే వదిలేసి వెళ్లండి. కాసేపటికి లోపల్నుంచి అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్న గొంతు వినిపిస్తే, దయచేసి లోపలికెళ్లి మెచ్చుకోకండి. వాళ్లని చదవనివ్వండి.