తులసి వైద్యం: రెండు వాదాల పరిశీలన

తులసి ఆకుల కషాయం తాగవచ్చునా అన్న ప్రశ్న తెలుగు ముస్లిం కుటుంబాలకు కొత్తది కాదు. పిల్లవాడికి దగ్గు పట్టుకుంటుంది. పొరుగింటి ఇల్లాలు గుప్పెడు తులసి ఆకులిచ్చి, అల్లం, మిరియాలతో కాచి పట్టమంటుంది. పుచ్చుకున్న తల్లికి సందేహం కలుగుతుంది: వాళ్లు కోట కట్టి పూజించే మొక్క కదా, ఇది వాడితే ఈమాన్‌కు భంగం కాదా? ఈ సందేహానికి సమాధానంగా రెండు వాదాలు వినిపిస్తుంటాయి. రెండూ ధర్మాభిమానంతో పుట్టినవే. కాని రెండూ పరీక్షకు నిలవవు.

మొదటిది నిషేధవాదం. హిందువులు తులసిని లక్ష్మీ స్వరూపంగా భావించి, కార్తీక శుద్ధ ద్వాదశినాడు దానికి వివాహం జరుపుతారు గనుక, దాన్ని వాడటం అన్యమతానుకరణ (తషబ్బుహ్) అవుతుందని దీని సారాంశం. షిర్కు పట్ల ఈ వాదుల జాగరూకతను తప్పుపట్టలేము. హిజ్రీ 8లో హునైన్‌కు వెళ్లే దారిలో, ముష్రిక్కులు ఆయుధాలు తగిలించే ‘జాతు అన్వాత్’ వంటి చెట్టు తమకూ ఒకటి కావాలని కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు కోరగా, మహాప్రవక్త (స) తీవ్రంగా మందలించారని తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. అయితే ఆ మందలింపు చెట్టు నుండి శుభాన్ని ఆశించినందుకు. ఆకును మందుగా నూరుకున్నందుకు కాదు. ఈ రెంటికీ గల భేదాన్ని నిషేధవాదం గుర్తించలేదు.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటున్నది. అరబ్బు ముష్రిక్కులు కొన్ని పశువులను, పంటలను దేవతల పేరిట విడిచి, వాటిని వాడటం నిషిద్ధమనేవారు. దివ్య ఖుర్ఆన్ ఈ ఆచారాన్ని అల్ మాయిదా 103వ, అల్ అన్ఆమ్ 138వ ఆయతులలో కల్పితమని ఖండించింది. ఇతరులు పూజించినంత మాత్రాన ఒక మొక్క అల్లాహ్ దాసులకు హరాం అవుతుందనేవారు, తమకు తెలియకుండానే ఆ పాత ఆచారానికి దగ్గరవుతున్నారు. నిషేధానికి ఆధారం లేనంతవరకు వస్తువులన్నీ అనుమతించబడినవే అన్నది ఫుఖహాల ప్రసిద్ధ సూత్రం. తులసి మత్తు పదార్థం కాదు, అశుద్ధమూ కాదు.

నిషేధం వర్తించే చోటు వేరే ఉన్నది. పూజలో నివేదించి ఇచ్చిన తులసి తీర్థం, రక్షగా మెడలో వేసుకునే తులసి పూసలు, మొక్కకు చేసే ప్రదక్షిణం ఆరాధనకు సంబంధించినవి. పెరటిలో కోసిన ఆకు వాటిలో చేరదు.

రెండవది ఇందుకు పూర్తిగా ఎదురైన వాదం. దివ్య ఖుర్ఆన్‌లోని ‘రైహాన్’ తులసియేనని, కనుక అది ఇస్లాం ఆమోదించిన పవిత్ర మూలిక అని కొందరంటారు. వినసొంపైన ఈ మాట అనువాద దోషం మీద నిలబడింది. రైహాన్ అంటే సువాసన గల మొక్క. అల్ వాఖిఅ 89వ ఆయతులో అది స్వర్గసుఖాల సందర్భంలో వస్తుంది. అర్రహ్మాన్ 12వ ఆయతులో దానికి ‘జీవనోపాధి’ అనే అర్థాన్ని ప్రాచీన వ్యాఖ్యాతలు ఇబ్నె అబ్బాస్ (రజి) నుండి ఉల్లేఖించారు. పశ్చిమ దేశాలవారు ఒక మొక్కను, ఇరాఖ్, షామ్ వారు మరొక మొక్కను ఈ పేరుతో పిలుస్తారని ఇబ్నుల్ ఖయ్యిమ్ ‘జాదుల్ మఆద్’లో వివరించారు. రైహాన్ ఇస్తే కాదనవద్దన్న సహీహ్ ముస్లిం హదీసు కానుక మర్యాదను బోధిస్తుంది. చికిత్సను గురించి చెప్పదు. అరబ్బులు రైహాన్ అనే మొక్కలలో ఒకటి తెలుగువారి రుద్రజడ. దాని విత్తులే రమజాన్ షర్బత్తులలో వేసే సబ్జా గింజలు. అది తులసికి దగ్గరి బంధువే గాని తులసి కాదు. సబ్జా షర్బత్తు సంకోచం లేకుండా తాగేవారికి తులసి కషాయం దగ్గర మాత్రమే సంకోచం కలగడం గమనించదగినది.

అసలు తులసికి ఆయతు నుండి సమర్థన వెతకవలసిన అవసరమే లేదు. ప్రతి వ్యాధికీ మందు ఉన్నదని, చికిత్స చేయించుకోవాలని మహాప్రవక్త (స) బోధించారు. ఏ మందు దేనికి పనిచేస్తుందో తేల్చడం వైద్యుల పని. అలీ ఇబ్నె సహల్ రబ్బన్ తబరీ సుమారు 850లో ‘ఫిర్దౌసుల్ హిక్మ’లో భారతీయ వైద్యానికి ప్రత్యేక భాగం కేటాయించాడు. అల్ బీరూనీ తన ఔషధ గ్రంథంలో మందుల భారతీయ నామాలను కూడా నమోదు చేశాడు. మందు ఏ మతస్థుల నుండి వచ్చిందన్నది వారికి అడ్డు కాలేదు.

తులసి హలాల్ అయినంత మాత్రాన అది సర్వరోగ నివారిణి కాదు. రక్తం పలచబడే మందులు, మధుమేహం మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడగనిదే దాన్ని మందుగా వాడరాదు. దగ్గు రెండు వారాలు దాటితే కషాయంతో కాలక్షేపం చేయక క్షయ పరీక్ష చేయించాలి.

రెండు వాదాలూ పొరుగువారిని మరచిపోయాయి. ఇతరుల ఆరాధ్యాలను దూషించవద్దని అల్ అన్ఆమ్ 108వ ఆయతు ఆదేశిస్తున్నది. ద్వాదశినాడు, సంధ్యవేళ తులసి కోయని హిందూ ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంటి కోట నుండి అడగకుండా ఆకు తెంపడం హక్కుల ఉల్లంఘనే. తరచుగా అవసరపడేవారు తమ పెరటిలో ఒక మొక్క వేసుకోవచ్చు. ఆ ఇల్లాలు బిడ్డ మేలు కోరి ఇచ్చిన ఆకులను మాత్రం ఆ తల్లి కృతజ్ఞతతో తీసుకుని, బిస్మిల్లాహ్ అని కాచి పట్టవచ్చు. స్వస్థత నిచ్చేవాడు అల్లాహ్ అన్న విశ్వాసం ఆమెకు ఉన్నంతవరకు ఆమె ఈమాన్‌కు ఏ లోపమూ రాదు.