మానం ఎవరిది, పతకం ఎవరిది?

యుద్ధాల చరిత్ర రాసేవాళ్ళు దాన్ని కారణాలు, గమనం, ఫలితాలు అని మూడు అధ్యాయాలుగా విడదీస్తారు. రెండో ప్రపంచ యుద్ధాన్ని బళ్ళో మనమంతా అలాగే చదివాం, అలాగే పరీక్ష రాశాం. కారణాల కింద వెర్సెయిల్స్ సంధి, హిట్లర్. గమనం కింద స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ, హిరోషిమా. ఫలితాల కింద ఐక్యరాజ్యసమితి. ఆ పాఠంలో స్త్రీలు కనిపిస్తే ఆయుధ కర్మాగారంలోనో, నర్సు దుస్తుల్లోనో, ఒక ఫొటోలో కనిపిస్తారు.

ఆ మూడు అధ్యాయాల పక్కన స్త్రీలు రాసిన మూడు పుస్తకాలు పెట్టి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. యుద్ధానికి ముందు వర్జీనియా వుల్ఫ్ రాసిన 'త్రీ గినీస్' (1938). యుద్ధంలో పోరాడిన సోవియట్ స్త్రీల మాటలతో స్వెత్లానా అలెక్సియేవిచ్ కూర్చిన 'యుద్ధానికి స్త్రీ ముఖం లేదు' (1985). యుద్ధం ముగుస్తున్న రోజుల్లో పేరు చెప్పుకోని ఒక జర్మన్ స్త్రీ రాసుకున్న డైరీ 'బెర్లిన్‌లో ఒక స్త్రీ'. మూడు దేశాలు, మూడు కాలాలు. మూడూ వచ్చినప్పుడు తిట్లు తిన్నాయి. ఆ తిట్ల వెనక ఉన్నది ఒకటే మాట, గౌరవం. మగవాడికి గౌరవమంటే పతకం. స్త్రీకి గౌరవమంటే మానం. ఈ రెండూ దేశం సొత్తు. ఆ సొత్తు గురించి స్త్రీ తన అనుభవంలోంచి మాట్లాడితే దేశానికి కోపం వస్తుంది. ఆ కోపం వల్ల కొన్ని పుస్తకాలు మరుగున పడటంతో నష్టం ఆగలేదనీ, తర్వాతి యుద్ధానికి అది ముడిసరుకు అయిందనీ నా వాదన.

కారణాల దగ్గర మొదలుపెడదాం. యుద్ధాన్ని ఎలా ఆపాలో చెప్పమని అడిగిన ఒక పెద్దమనిషి ఉత్తరానికి జవాబుగా వుల్ఫ్ 'త్రీ గినీస్' రాసింది. అప్పటికి స్పెయిన్‌లో అంతర్యుద్ధం నడుస్తోంది. బాంబులకు కూలిన ఇళ్ళ ఫొటోలు, చనిపోయిన పిల్లల ఫొటోలు తన బల్ల మీదికి వస్తున్నాయని ఆమె పదే పదే చెబుతుంది. కానీ వాటిని పుస్తకంలో అచ్చు వేయలేదు. అచ్చు వేసిన ఫొటోలు వేరు. పతకాలు తగిలించుకున్న సైన్యాధికారి, విగ్గు పెట్టుకున్న న్యాయమూర్తి, అంగీల్లో విశ్వవిద్యాలయం ఊరేగింపు, ఆర్చిబిషప్. శవాలను మాటల్లో చెప్పి, అలంకారాలను బొమ్మల్లో చూపింది. యుద్ధానికి కారణాలు వెతకాలంటే శవాల దగ్గరకన్నా ముందు ఈ దుస్తుల దగ్గర వెతకమని ఆ అమరికలోనే ఉంది. ఇంట్లో కూతురి చదువునూ సంపాదననూ అడ్డుకునే తండ్రికీ, వీధిలో నిరంకుశుడికీ మధ్య ఉన్న చుట్టరికాన్ని ఆమె బయటపెట్టింది. ఫాసిజం సరిహద్దు అవతల పుట్టిన పురుగు కాదని, ఇంగ్లీషు ఇళ్ళలోనూ దాని గుడ్లున్నాయని చెప్పడం 1938లో ఎవరికీ రుచించలేదు. ఆమె సన్నిహితుల్లోనే కొందరు పుస్తకాన్ని తేలిక చేశారు.

అయితే మనం ఇక్కడి నుంచి చదువుతున్నాం. వుల్ఫ్ తనను చదువుకున్న మగవాళ్ళ కూతుళ్ళలో ఒకతెగా చెప్పుకుంది. ఆ చదువులకు, ఆ ఇళ్ళకు డబ్బు ఎక్కడిది? 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో కథకురాలికి ఏడాదికి అయిదు వందల పౌండ్ల స్వేచ్ఛ, బొంబాయిలో గుర్రం మీది నుంచి పడి చనిపోయిన మేనత్త వీలునామా వల్ల వస్తుంది. ఈ వాక్యం దగ్గర ఇంగ్లీషు పాఠకురాలు నవ్వుకుని ముందుకు పోవచ్చు. మనం కాసేపు ఆగుతాం. ఆ సామ్రాజ్యాన్ని కాపాడటానికే రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో ఉన్నారు. జపాన్ సైన్యం వస్తే చేతికి చిక్కకూడదని 1942లో బెంగాల్ తీరప్రాంతాల్లో వడ్లూ పడవలూ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1943 కరువులో, ఒక అంచనా ప్రకారం, 30 లక్షల మంది చనిపోయారు. తిండి కోసం ఒళ్ళమ్ముకున్న స్త్రీల లెక్క ఏ సైనిక చరిత్రలోనూ ఉండదు. వుల్ఫ్ ఇంటిని వీధితో కలిపింది. వలసను ఆ ఇంటితో కలపడం తర్వాత వచ్చిన మన పని. ఈ లోపం చెప్పడం వల్ల ఆమె ఇచ్చిన సూత్రం చెడదు, ఇంకాస్త దూరం సాగుతుంది.

ఇక గమనం. ఆ యుద్ధంలో సుమారు పది లక్షల మంది సోవియట్ స్త్రీలు సైన్యంలో పనిచేశారు. నర్సులు, వంటవాళ్ళు, చాకళ్ళు మాత్రమే కాదు. స్నైపర్లు, పైలట్లు, మందుపాతరలు తీసేవాళ్ళు, ట్యాంకులు నడిపినవాళ్ళు. 1970ల చివర్లో అలెక్సియేవిచ్ టేపురికార్డరు పట్టుకుని వందలాది మంది దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు చెప్పింది యుద్ధవ్యూహాలు కాదు. మగవాళ్ళ కొలతలకు కుట్టిన లోదుస్తులు, జారిపోయే బూట్లు, నెలసరి వస్తే గుడ్డముక్క లేని నడక, కోయించుకున్న జడ. పుస్తకంలో ఒక భార్యాభర్తల సంగతి నాకు మరీ గుర్తుండిపోయింది. ఇద్దరూ యుద్ధంలో ఉన్నవాళ్ళే. రచయిత్రి వస్తోందని తెలిసి, ముందురోజు రాత్రంతా భర్త ఆమె చేత యుద్ధ చరిత్ర గ్రంథం చదివించాడు. ఆడవాళ్ళ చిల్లర సంగతులు, కన్నీళ్ళు లేకుండా తాను నేర్పినట్టు చెప్పమన్నాడు. ఆమె అనుభవానికి ఆమే సాక్షి, కానీ పాఠం అప్పజెప్పవలసిన విద్యార్థిని కూడా ఆమే. యుద్ధ సాహిత్యం ఎలా తయారవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి దృశ్యం నేను చూడలేదు.

పుస్తకం 1983లోనే పూర్తయినా రెండేళ్ళు అచ్చుకాలేదు. ప్రకృతివాదమని, శాంతివాదమని, వీరవనిత ప్రతిష్ఠను దిగజార్చిందని ఆరోపణలు. పెరిస్త్రోయికా గాలి తగిలాక వెలువడి, లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. తర్వాతి కూర్పులో రచయిత్రి సెన్సారు కొట్టేసిన భాగాలను, ఆ అధికారితో తన సంభాషణను కలిపి వేసింది. ఏం కొట్టేశారో చూస్తే తెలుస్తుంది. నెత్తురు మీద అభ్యంతరం లేదు. శత్రువు కార్చిన నెత్తురు వీరత్వం. స్త్రీ ఒంటి నుంచి నెలనెలా వచ్చే నెత్తురు అవమానం.

ఇంటికొచ్చిన వాళ్ళ సంగతి ఇంకా కష్టం. నాలుగేళ్ళు మగవాళ్ళ మధ్య ఉందని అందరికీ తెలుసు గనక చెల్లెళ్ళకు పెళ్ళిళ్ళు కావని, పతకాలతో వచ్చిన కూతురికి నాలుగో రోజు పొద్దున్నే మూట కట్టి పంపించేసిన తల్లి ఆ పుస్తకంలో ఉంది. ఆ తల్లి మాటలు రష్యన్‌లో ఉన్నాయా, మన ఊళ్ళో విన్నామా అనిపిస్తుంది. మగవాడికి పతకం పెళ్ళి సంబంధం తెచ్చింది. ఆడదానికి అదే పతకం మానం మీద మచ్చ అయింది. చాలామంది పతకాలు దాచేసుకున్నారు.

ఫలితాల అధ్యాయంలోకి వస్తే, అదే ఎర్రసైన్యం ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. 1945 ఏప్రిల్ 20 నుంచి జూన్ 22 దాకా ఒక పాత్రికేయురాలు నోటుపుస్తకాల్లో రాసుకున్న రోజులివి. ఆ వారాల్లో ఆ ఒక్క నగరంలోనే లక్షమందికి పైగా స్త్రీలపై అత్యాచారం జరిగిందని ఒక అంచనా. సంఖ్య మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు, జరిగిందన్న విషయం మీద ఉంది. ఆమె ఏడవదు, లెక్క వేస్తుంది. ఎంత రొట్టె ఉంది, నీళ్ళ పంపు ఎంత దూరం, ఏ అధికారి అండ ఉంటే మిగతా సైనికులు దూరంగా ఉంటారు. వచ్చీరాని రష్యన్ తెలిసినందువల్ల ఆమె దుబాసీ కూడా. తన ఊళ్ళో జర్మన్ సైనికులు పిల్లల్ని ఎలా చంపారో ఒక రష్యన్ సైనికుడు చెబితే దాన్ని గదిలో ఉన్న జర్మన్లకు జర్మన్‌లోకి మార్చి చెప్పవలసి వస్తుంది. బాధితురాలే తన జాతి నేరానికి అనువాదకురాలైన ఈ ఘట్టం నా దృష్టిలో డైరీకి గుండెకాయ. జర్మనీ మొదలుపెట్టిన యుద్ధంలో 2 కోట్ల 70 లక్షల మంది సోవియట్ ప్రజలు చనిపోయారు. ఆ సంఖ్యను చూపించి బెర్లిన్ స్త్రీల నోరు మూయించేవాళ్ళున్నారు. బెర్లిన్ స్త్రీలను చూపించి ఆ సంఖ్యను చిన్నది చేసేవాళ్ళూ ఉన్నారు. డైరీ ఈ ఇద్దరికీ సాయం చేయదు.

ఆమె ప్రియుడు యుద్ధం నుంచి తిరిగివస్తాడు. ఆమె డైరీ అతని చేతికిస్తుంది. ఒక పొడి అక్షరాల గుర్తు అర్థం కాక అదేమిటని అడుగుతాడు. అత్యాచారానికి జర్మన్ మాట 'షెండుంగ్'కు అది సంక్షిప్తం. అతను వెళ్ళిపోతాడు. ఆ జర్మన్ మాటకు మూలం 'షాండె', అంటే సిగ్గు, అప్రతిష్ఠ. మనం దశాబ్దాలపాటు 'మానభంగం' అని రాసుకున్నాం. చేసినవాడి హింసను వదిలేసి, పోయినది ఆమె మానమని చెప్పే మాట. ఎక్కడి జర్మన్, ఎక్కడి తెలుగు? పితృస్వామ్యానికి అనువాదకులు అవసరం లేదు. మన పత్రికలు 'అత్యాచారం' అని రాయడం ఒక పదం మారడమే కావచ్చు, కానీ ఆ మార్పులో నేరం ఎవరిదో చెప్పే వ్యాకరణం మారింది.

ఆ డైరీ 1954లో ఇంగ్లీషులో, 1959లో జర్మన్‌లో వచ్చింది. జర్మన్ స్త్రీల పరువు తీసిందని అక్కడి పాఠకులు మండిపడ్డారు. తాను బతికి ఉండగా మళ్ళీ అచ్చువేయవద్దని ఆమె షరతు పెట్టింది. 2001లో చనిపోయింది. 2003లో పుస్తకం తిరిగి వచ్చిన కొద్ది నెలల్లోనే ఒక పత్రికా విలేఖరి ఆమె పేరు బయటపెట్టాడు. ఆ పేరు నాకు తెలుసు, మీకూ దొరుకుతుంది. ఆమె వద్దనుకున్నది కనక ఇక్కడ రాయను.

ఈ రెండు పుస్తకాల మీద ఒక సదస్సులో పత్రం చదివినప్పుడు ఒక పెద్దాయన లేచి, "ఇవి సాక్ష్యాలమ్మా, సాహిత్యమెలా అవుతాయి? పైగా దిద్దిన సాక్ష్యాలు" అన్నారు. దిద్దిన మాట నిజమే. బెర్లిన్ డైరీని టైపు చేసేటప్పుడు రచయిత్రి చాలా పెంచి రాసింది. అలెక్సియేవిచ్ కూడా ఒక కూర్పు నుంచి మరో కూర్పుకు గొంతులను మార్చిందన్న విమర్శ ఉంది. వరసగా చదివితే ఆమె పుస్తకంలో వేర్వేరు స్త్రీలు ఒకే లయలో మాట్లాడుతున్నట్టు నాకూ అనిపిస్తుంది. ఒక్కొక్కరి యాస, తరగతి, ప్రాంతం ఆ లయలో కరిగిపోతాయి. మౌఖిక చరిత్ర మీద నమ్మకం ఉన్నవాళ్ళుగా ఈ ప్రశ్న మనమే గట్టిగా అడగాలి. కానీ ఆ పెద్దాయన అడిగింది ఇది కాదు. సేనానులు తమ జ్ఞాపకాలను పదిసార్లు తిరగరాస్తే శైలి అంటాం. స్త్రీ తిరగరాస్తే అబద్ధం అంటాం. పచ్చి గాయమైతే సాహిత్యం కాదు, కుట్లు వేసి చూపిస్తే సాక్ష్యం కాదు. రెండు తలుపులూ మూసి ఎటునుంచి రమ్మంటారు?

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. అలెక్సియేవిచ్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 1986లో, స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే మిన్‌స్క్‌లోనూ హైదరాబాద్‌లోనూ స్త్రీలు టేపురికార్డర్లు పట్టుకుని స్త్రీల దగ్గరికే వెళ్ళారు. తెలంగాణ సాయుధ పోరాటం ప్రపంచ యుద్ధం కాదు, దాని కారణాలు వేరు, న్యాయం వేరు. కానీ తుపాకి పట్టిన స్త్రీని పోరాటం ఆగాక వంటింటికి పొమ్మన్న తీరు, అడవిలో బిడ్డను వదులుకున్న తల్లి దుఃఖానికి ఉద్యమ చరిత్రలో చోటు లేకపోయిన తీరు, ఈ రెండు పుస్తకాలను అక్కాచెల్లెళ్ళను చేస్తాయి. మన పుస్తకంలో ఒక మేలు ఉంది. మాట్లాడే స్త్రీల యాసలు కరిగిపోలేదు. ఎవరి గొంతు వారిదే.

ఆలస్యంగా పలికిన గొంతులు ఆసియాలో ఇంకా ఉన్నాయి. జపాన్ సైన్యం 'కంఫర్ట్ విమెన్' అని ముద్దుపేరు పెట్టి లైంగిక బానిసలుగా వాడుకున్న స్త్రీల గురించి టోక్యో విచారణ విడిగా నేరారోపణ చేయలేదు. 1948లో బటావియాలో డచ్చి సైనిక న్యాయస్థానం డచ్చి స్త్రీల విషయంలో శిక్షలు వేసింది, అదే నేల మీద అదే బాధ పడిన ఇండోనేషియా స్త్రీలను పట్టించుకోలేదు. మానానికి కూడా రంగు ఉంది. 1991 ఆగస్టు 14న కొరియాలో కిమ్ హక్‌సూన్ తన పేరుతో, తన ముఖంతో మాట్లాడేదాకా నలభై ఆరేళ్ళు పట్టింది. ఆమె తర్వాత ఇతర దేశాల నుంచి ఎందరో బయటికొచ్చారు. 1998లో రువాండా ట్రిబ్యునల్ అత్యాచారం జాతిహననంలో భాగం కాగలదని తీర్పు చెప్పేనాటికి ఈ వృద్ధ స్త్రీలు ప్రపంచానికి వినడం కొంత నేర్పారు.

మూడు అధ్యాయాల పద్ధతి ఎక్కడ విఫలమవుతుందో ఇప్పుడు చెప్పవచ్చు. ఫలితాలతో పుస్తకం ముగియదు. ఏ ఫలితాన్ని గుర్తుంచుకున్నాం, దేన్ని సిగ్గని దాచాం అన్నది తర్వాతి కారణాల అధ్యాయం రాస్తుంది. 2014లో రష్యా, రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ పాత్ర గురించి అబద్ధాలు ప్రచారం చేయడం నేరమని చట్టం చేసింది. ఏది అబద్ధమో తేల్చేది రాజ్యమే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపేటప్పుడు నాజీలను తుడిచిపెట్టడమే లక్ష్యమని చెప్పింది. 1945 నాటి విజయాన్ని పతకంలా మెరిపించి కొత్త దాడికి కారణంగా వాడుకుంది. అలెక్సియేవిచ్ పుస్తకంలో రష్యన్, ఉక్రెయిన్, బెలారుస్ స్త్రీలు ఒకే సైన్యంలో పక్కపక్కన ఉన్నారు. వాళ్ళ మనవరాళ్ళు ఎదురెదురు పక్షాల వాళ్ళయ్యారు. ఆ గొంతులను మూటగట్టిన రచయిత్రి 2020లోనే తన దేశం వదిలి జర్మనీ వెళ్ళవలసి వచ్చింది.

ఆ విజయం కథలో నెలసరి నెత్తురు, మూట కట్టించుకున్న కూతురు, బెర్లిన్ గదిలోని దుబాసీ కూడా పాఠంగా ఉండి ఉంటే యుద్ధం ఆగేదని నేను అనను. పుస్తకాలు సైన్యాలను ఆపవు. కానీ విజయాన్ని అంత నున్నగా తోమి, అంత సులువుగా ఛాతీకి తగిలించుకోవడం కుదిరేది కాదు. మన విశ్వవిద్యాలయాల్లో 'యుద్ధ సాహిత్యం' అంటూ పాఠ్యప్రణాళికలు రాసేటప్పుడు ఈ మూడు పుస్తకాలూ, వాటి పక్కన 'మనకు తెలియని మన చరిత్ర'ా ఉండాలని అడుగుదాం. స్త్రీల విభాగం అని వెనక చేర్చే అనుబంధంలో కాదు. కారణాలు, గమనం, ఫలితాలు అని రాసుకున్న ఆ మూడు శీర్షికల కిందనే.